స్మాష్ గట్టిగా పడాలి, మోచెయ్యి బాగుండాలి: అటాక్ ఆడేవాళ్లు పాడెల్ రాకెట్ ఎలా ఎంచుకోవాలి?

ఈ ఎపిసోడ్‌లో పాడెల్ రాకెట్ ఎలా ఎంచుకోవాలో మాట్లాడుకుందాం. అయితే ఇది అందరి కోసం కాదు. వారానికి రెండు మూడు రోజులు క్లబ్‌లో ఆడుతూ, ఎప్పుడెప్పుడు నెట్ దగ్గరికి వెళ్దామా, బంతి ఎప్పుడు పైకి లేస్తుందా, ఎప్పుడు బాదేద్దామా అని ఎదురుచూసేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్ల కోసం.

మీరు షాపుకెళ్లి "అన్నా, నేను అటాక్ ఆడతాను" అని చెప్పండి. చేతిలో ఏం పెడతారు? డైమండ్ ఆకారం, గట్టి కోర్, తల వైపు బరువు. ఎవరో టాప్ ప్లేయర్ పేరున్న మోడల్. ధర ఇరవై వేలో, ముప్పై వేలో. మొదటి వారం అదిరిపోతుంది. రెండో నెలలో కాఫీ కప్పు ఎత్తితే మోచెయ్యి కలుక్కుమంటుంది. నాలుగో నెలకి రాకెట్ బీరువాలో, మనిషి ఫిజియో దగ్గర. ఈ కథ మీ క్లబ్‌లో కూడా కనీసం ఒకరిది ఉంటుంది.

ఇక్కడ పోయేది డబ్బొక్కటే కాదు. ఆఫీసు అయ్యాక ఫ్రెండ్స్‌తో గంటన్నర ఆడుకునే ఆటే ఆగిపోతుంది. అందుకే ఈ విషయం కాస్త ఓపిగ్గా చూద్దాం. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కంఫర్ట్ ఉన్న రాకెట్ అంటే పవర్ లేని రాకెట్ అని మనలో ఒక నమ్మకం ఉంది. క్లబ్ స్థాయిలో అది నిజం కాదు. చాలామందికి చెయ్యి సుఖంగా ఉన్న రాకెట్‌తోనే స్మాష్ ఇంకా గట్టిగా పడుతుంది. ఎందుకో చెప్తాను.

ఆట కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. పాడెల్ 1969లో మెక్సికోలోని అకపుల్కోలో మొదలైంది. ఎన్రికే కోర్కుయెరా అనే ఆయన తన ఇంటి దగ్గర కట్టుకున్న కోర్టుతో పుట్టిన ఆట ఇది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ అద్దాలు, మెష్. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. బంతి నేల మీద ఒకసారి పడి, అద్దానికి తగిలి వెనక్కొచ్చినా ఆడొచ్చు. స్కోరు టెన్నిస్‌లాగే.

రాకెట్‌కి తీగలుండవు. లోపల ఫోమ్, పైన ఫైబర్ పొర, ముఖం నిండా రంధ్రాలు. రూల్ ప్రకారం పొడవు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 26 సెంటీమీటర్లు, మందం 38 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే ఏ కంపెనీ అయినా ఇదే కొలతలో చెయ్యాలి. రహస్య మంత్రమేమీ లేదు. బరువు ఎంత, ఆ బరువు ఎక్కడుంది, లోపల ఎంత మెత్తన, పైన ఎంత గట్టి. ముఖ్యంగా తేడా వచ్చేది ఈ నాలుగింట్లోనే. ఈ నాలుగూ అర్థమైతే ఏ యాడ్ చూసినా మీరు మోసపోరు.

ఇప్పుడు మన గురించి ఒక మాట. హైదరాబాద్‌లో ఆడేవాళ్లయినా, దుబాయ్‌లో ఆడే మనవాళ్లయినా, చాలామందిమి షటిల్ ఆడి పెరిగినవాళ్లం. అపార్ట్‌మెంట్ కింద, స్కూల్ గ్రౌండ్‌లో, ఇండోర్ కోర్టులో. కాబట్టి పైకి లేచినది ఏదైనా కనిపిస్తే మణికట్టు దానంతట అదే తిరుగుతుంది. ఆ అలవాటు వల్ల మనకి టైమింగ్ బాగా వస్తుంది, నెట్ దగ్గర చురుకుదనం ఉంటుంది. కానీ ప్రమాదం కూడా అక్కడే ఉంది.

లెక్క చూడండి. షటిల్ బ్యాట్ 80 నుంచి 90 గ్రాములు. షటిల్ సుమారు 5 గ్రాములు. పాడెల్ రాకెట్ మామూలుగా 360 నుంచి 375 గ్రాములు. బంతి 56 నుంచి 59 గ్రాములు. చేతిలో ఉన్నది నాలుగు రెట్లు, ఎదురుగా వచ్చేది పదకొండు రెట్లు బరువు. షటిల్‌లో లాగా మణికట్టుతో "ఫట్" మని తిప్పితే, ఆ దెబ్బంతా ముంజేతి కండరాల మీద పడుతుంది. అవి మోచేతి బయటి వైపు ఎముకకి అతుక్కుని ఉంటాయి. టెన్నిస్ ఎల్బో అనేది అక్కడే వస్తుంది. టెన్నిస్ ఆడకపోయినా వస్తుంది.

సరే, రాకెట్ దగ్గరికి వెళ్లే ముందు ఒక చిన్న పని. ఈ వారం మీరు ఆడే మ్యాచ్‌ని ఫోన్‌లో రికార్డ్ చేయండి. కోర్టు వెనక ఫోన్ పెట్టండి చాలు. ఇంటికెళ్లి ఒక్క సెట్ చూస్తూ గీతలు పెట్టుకోండి. ఫుల్ పవర్ స్మాష్‌లు ఎన్ని? బందెహాలు ఎన్ని? వాలీలు ఎన్ని? వెనక అద్దం దగ్గర డిఫెన్స్ షాట్లు ఎన్ని?

బందెహా అంటే స్పానిష్‌లో ట్రే. హోటల్లో సర్వర్ ట్రే పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి, బంతిని కోసినట్టు లోతుగా పంపే షాట్. పాయింట్ అక్కడికక్కడే గెలవడానికి కాదు, నెట్ మనదే అని నిలబెట్టుకోవడానికి. దాని అన్నలాంటిది వీబొరా. అంటే విషసర్పం. ఇంకాస్త వేగం, పక్కకి స్పిన్. అద్దానికి తగిలాక బంతి జారిపోతుంది.

లెక్క పెట్టాక మీకే ఆశ్చర్యం వేస్తుంది. నేను ఫుల్ అటాకర్‌ని అనుకునేవాళ్ల షీట్‌లో కూడా ఫుల్ స్మాష్‌ల గీతలు తక్కువ. వాలీలు, బందెహాలు, అద్దం దగ్గర కాపాడుకున్న బంతులు, వీటి గీతలే బారుగా ఉంటాయి. మరి మనం రాకెట్ కొనేది దేన్ని చూసి? ఆ తక్కువ గీతలున్న షాట్‌ని చూసి! అక్కడ పడుతోంది తప్పటడుగు.

అటాక్ అంటే స్మాష్ ఒక్కటే కాదు ఫ్రెండ్స్. ముందు డిఫెన్స్‌లో బతకాలి, మంచి లాబ్ వేసి నెట్‌కి రావాలి, నాలుగు వాలీలు నిలబెట్టాలి, అప్పుడు గానీ స్మాష్ కొట్టే బంతి రాదు. ఆ బంతి తెచ్చిపెట్టే రాకెట్ కావాలి మనకి.

ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది బ్యాలెన్స్. బరువు కన్నా ముందు దీన్ని చూడాలి. ఇంట్లో క్రికెట్ బ్యాట్ ఉందా? మామూలుగా హ్యాండిల్ పట్టుకుని ఊపండి. ఇప్పుడు తిరగేసి, చెక్క వైపు పట్టుకుని ఊపండి. అదే బ్యాట్, అదే బరువు. కానీ రెండోసారి పుల్లలాగా తేలిగ్గా అనిపిస్తుంది. ఎందుకంటే బరువు చేతి దగ్గరికి వచ్చేసింది. బరువు చేతికి ఎంత దూరంలో ఉంటే, తిప్పడం అంత కష్టం. దూరం రెండింతలైతే కష్టం నాలుగింతలు. ఫిజిక్స్ క్లాస్‌లో చదువుకున్న జడత్వ భ్రామకం ఇదే.

పాడెల్ రాకెట్‌లో కూడా అంతే. 365 గ్రాముల రాకెట్లు రెండు తీసుకోండి. ఒకదాని బ్యాలెన్స్ హ్యాండిల్ కింది నుంచి 25.5 సెంటీమీటర్ల దగ్గర, ఇంకోదానిది 27 దగ్గర ఉందనుకోండి. తూకం మీద రెండూ ఒకటే. మూడో సెట్‌లో మాత్రం రెండోది సుత్తిలా అనిపిస్తుంది. తల బరువున్నది స్మాష్‌లో కిందికి దిగేటప్పుడు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ నెట్ దగ్గర మీ మీదకి వేగంగా వచ్చిన బంతికి అది ఆలస్యంగా లేస్తుంది. ఆలస్యమైతే బంతి అంచుకి తగులుతుంది. అంచుకి తగిలితే రాకెట్ చేతిలో మెలి తిరుగుతుంది. ఆ మెలికే మోచేతికి శత్రువు.

బ్యాలెన్స్ చూడటం చాలా సులువు. రాకెట్‌ని అడ్డంగా స్కేలు అంచు మీదో, చూపుడు వేలి మీదో పెట్టండి. అటూ ఇటూ వాలకుండా నిలబడిన చోటు గుర్తుపెట్టుకుని, హ్యాండిల్ కింది నుంచి టేపుతో కొలవండి. క్లబ్‌లో అటాక్ ఆడేవాళ్లకి నేను చెప్పేది: 26 సెంటీమీటర్ల చుట్టుపక్కల మొదలుపెట్టండి. 26.5 దాటుతోందంటే మీ భుజం, ముంజేయి దానికి రెడీగా ఉన్నాయా అని ఒకసారి ఆలోచించండి.

రెండోది ఆకారం. గుండ్రం, కన్నీటి చుక్క, డైమండ్. ఈ మూడూ అందరికీ తెలుసు. గుండ్రటి దాంట్లో స్వీట్ స్పాట్, అంటే బంతి హాయిగా తగిలే చోటు, మధ్యలో పెద్దగా ఉంటుంది. డైమండ్‌లో అది పైకి జరుగుతుంది, చిన్నదవుతుంది. చేతులు చాచి పైన కొట్టే బంతికి అది లాభమే. కానీ అద్దం మూలలోంచి వచ్చిన బంతి, కాళ్ల దగ్గర పడిన వాలీ, వీటిని మనం స్వీట్ స్పాట్‌తో కొడతామని గ్యారంటీ ఏముంది?

క్లబ్ అటాకర్‌కి నా ఓటు కన్నీటి చుక్కకే. అంటే టియర్‌డ్రాప్. ఇది రాజీపడటం అనుకోకండి. అర్తురో కోయెయోతో కలిసి 2023, 2024లో ప్రపంచ నంబర్ వన్ జంటగా నిలిచిన అగస్టిన్ టాపియా ఉన్నాడు కదా, ఆయన పేరుతో నాక్స్ కంపెనీ అమ్మే ఏటీ10 రాకెట్ ఆకారం కన్నీటి చుక్కే. ఇంకోటి చెప్పనా? మిగెల్ లాంపెర్తి అంటే పాడెల్ చూసేవాళ్లకి తెలుసు, దూకుడు ఆటకి పెట్టింది పేరు. ఆయన పేరుతో వచ్చిన ఎంఎల్10 ప్రో కప్ గుండ్రటి రాకెట్. ఆకారమే అటాక్ అయితే ఇవి ఉండేవే కావు.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, లోపలి కోర్. చాలా రాకెట్లలో ఈవీఏ అనే ఫోమ్ ఉంటుంది. సాఫ్ట్, మీడియం, హార్డ్ అని రకాలు. బంతి రాకెట్‌కి తగిలి ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. ఆ కాసేపట్లో సాఫ్ట్ కోర్ లోపలికి నొక్కుకుని, మళ్లీ బంతిని విసురుతుంది. హార్డ్ కోర్ నొక్కుకోవాలంటే దెబ్బ చాలా గట్టిగా పడాలి.

అసలు కిటుకు ఇదే. రోజూ ప్రాక్టీస్ చేసే ప్రో ప్లేయర్ స్వింగ్ వేగం ఎక్కువ. ఆ వేగానికి సాఫ్ట్ కోర్ పూర్తిగా అణిగిపోతుంది, బంతి ఎటు పోతుందో చెప్పలేం. అందుకే వాళ్లకి గట్టి కోర్ కావాలి. మన స్వింగ్ వేగం అంత ఉండదు. మనం హార్డ్ కోర్‌తో కొడితే అది నొక్కుకోదు, బంతిని విసరదు, దెబ్బ తిరిగి చేతికే వస్తుంది. బంతి లోతుగా పోవడం లేదని ఇంకా గట్టిగా కొడతాం. ఇంకా గట్టిగా పట్టుకుంటాం. అలా మోచెయ్యి పోతుంది. సాఫ్ట్ లేదా మీడియం కోర్ అయితే సగం పని రాకెట్టే చేస్తుంది. కంఫర్ట్ ఉన్న రాకెట్‌తో క్లబ్ ప్లేయర్‌కి పవర్ ఎక్కువ అని మొదట్లో అన్నది ఇందుకే.

పట్టపగలు ఎండలో ఆడేవాళ్లు ఇంకోటి గమనించాలి. వేడికి ఈవీఏ మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. బంతి కూడా వేడిలో ఎక్కువ ఎగురుతుంది. మీరు చూసే రివ్యూ వీడియో యూరప్‌లో చలికాలంలో తీసినదైతే, అక్కడ "కొంచెం గట్టిగా ఉంది" అన్న రాకెట్టే మే నెలలో హైదరాబాద్ అవుట్‌డోర్ కోర్టులో హాయిగా ఉండొచ్చు. అక్కడ "చాలా హాయిగా ఉంది" అన్నది ఇక్కడ మరీ మెత్తగా, బంతి అదుపు తప్పేలా అనిపించొచ్చు. అందుకే మన ఎండలకి, అటాక్ ఆడేవాళ్లకి, మీడియం కోర్ మంచి మధ్యే మార్గం. ఇప్పటికే చెయ్యి నొప్పి ఉన్నవాళ్లయితే సాఫ్ట్‌కే వెళ్లండి. డిసెంబర్‌లో పొద్దున్నే 6 గంటలకి ఆడే బ్యాచ్ అయినా అంతే, సాఫ్ట్ వైపే జరగండి.

ఇంకొక్కటి: ఎండలో పార్క్ చేసిన కారులో రాకెట్ వదిలేయకండి. లోపల ఫోమ్, జిగురు రెండూ దెబ్బతింటాయి.

నాలుగోది పై పొర. ఫైబర్‌గ్లాస్, కార్బన్. ఫైబర్‌గ్లాస్ కాస్త వంగుతుంది, మెత్తగా తగులుతుంది. కార్బన్ గట్టిది, ఎక్కువ కాలం అలాగే ఉంటుంది. రాకెట్ మీద 3కె, 12కె, 18కె అని రాసి ఉంటుంది. ఆ అంకె పెద్దదైతే గొప్ప అనుకుంటాం. కె అంటే వెయ్యి. ఒక్కో కట్టలో ఎన్ని వేల పోగులు ఉన్నాయో చెప్పే అంకె అది. చేనేత తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. పోగుల లెక్క తెలిస్తే బట్ట మొత్తం తెలిసినట్టు కాదు కదా. 18కె అంటే 3కె కన్నా ఆరు రెట్లు గట్టి అని కాదు. ఎన్ని పొరలు వేశారు, జిగురు ఏది, కింద కోర్ ఏది, ఇవన్నీ కలిస్తేనే చేతికి తెలిసే గట్టిదనం. కాబట్టి ఆ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టకండి. కార్బన్ ముఖం ఇష్టమైతే కింద కోర్ మెత్తగా ఉండేలా చూసుకోండి. రెండూ గట్టివైతే క్లబ్ ప్లేయర్ చేతికి కష్టమే.

ఇక బరువు. రాకెట్ మీద "360–375" అని ఒక రేంజ్ రాసి ఉంటుంది. ఒకే మోడల్, ఒకే రంగు, పక్కపక్కనే ఉన్న రెండింటికీ పది గ్రాముల తేడా ఉండొచ్చు. షాపులో తూకం ఉంటే వేయించండి. ఆన్‌లైన్‌లో కొంటే ముందే మెసేజ్ పెట్టి అడగండి, ఇంటికొచ్చాక కిచెన్ తూకం మీద చూసుకోండి. పైన ఓవర్‌గ్రిప్, తల మీద ప్రొటెక్టర్ స్టిక్కర్ వేస్తే ఇంకో పది పదిహేను గ్రాములు కలుస్తాయి. ఆ ప్రొటెక్టర్ తల దగ్గర ఉంటుంది కాబట్టి బ్యాలెన్స్ కూడా పైకి జరుగుతుంది.

బాగా బలం ఉన్న మగవాళ్లయినా 365 దాటకుండా మొదలుపెట్టడం మంచిది. అమ్మాయిల్లో అటాక్ ఆడేవాళ్లకి 345 నుంచి 360 మధ్యలో బోలెడు మంచి రాకెట్లు ఉన్నాయి. ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: బరువు తర్వాత కలపొచ్చు, ఉన్న బరువు తీసేయలేం. తేలిక రాకెట్ కొని, చాలదనిపిస్తే లెడ్ టేపు రెండు మూడు గ్రాములు అతికించి చూడొచ్చు. బరువైన రాకెట్ కొంటే చేసేదేమీ లేదు. "మరీ తేలికైతే?" అంటారా, అది కూడా ఇబ్బందే. 340 లోపు రాకెట్ వేగంగా వచ్చిన బంతికి వెనక్కి తోసుకుపోతుంది, ఆ అదురు చేతికి వస్తుంది. తేలిక అంటే కంఫర్ట్ అని కాదు.

రాకెట్ ఎంత మంచిదైనా గ్రిప్ తప్పయితే అంతా వృథా. పాడెల్ రాకెట్లు టెన్నిస్‌లాగా రకరకాల హ్యాండిల్ సైజుల్లో రావు. ఇంచుమించు అన్నీ ఒకటే, అదీ సన్నగా. సన్నటి హ్యాండిల్‌ని చెయ్యి తెలియకుండానే పిడికిలి బిగించి పట్టుకుంటుంది. చెమట పట్టిందా, ఇంకా బిగిస్తుంది. గంటన్నర పాటు బిగిసిన పిడికిలి అంటే ముంజేయికి గంటన్నర పని. అందుకని రాకెట్ పట్టుకుని చూడండి. వేళ్ల కొసలకీ అరచేతి మెత్తకీ మధ్య ఇంకో చేతి వేలు పట్టేంత సందు ఉండాలి. లేదా, ఇంకో ఓవర్‌గ్రిప్ చుట్టండి. రెండు వందల రూపాయల పని. దాంతో పాటు హ్యాండిల్ దగ్గర ఐదారు గ్రాములు కలిసి, బ్యాలెన్స్ కూడా కాస్త కిందికి దిగుతుంది. ఒకే దెబ్బకి రెండు లాభాలు. తడిసి జారే గ్రిప్‌ని నెలల తరబడి వాడకండి.

ఇప్పుడు టెస్ట్. కొన్ని క్లబ్బుల్లో డెమో రాకెట్లు ఇస్తారు, లేకపోతే ఫ్రెండ్‌ది అడగండి. మనందరం ఏం చేస్తాం? చేతిలోకి రాగానే నాలుగు స్మాష్‌లు కొట్టి "అబ్బ, భలే ఉంది" అంటాం. ఫ్రెష్‌గా ఉన్న చేతికి, ఎవరో చక్కగా ఎత్తి ఇచ్చిన బంతికి, ఏ రాకెట్ అయినా భలేగానే ఉంటుంది.

నేను చెప్పే వరుస ఇది. ముందు మీ మామూలు రాకెట్‌తో ఒక సెట్ ఆడి అలిసిపోండి. తర్వాత కొత్తది తీసుకోండి. మొదట వెనక అద్దం నుంచి వచ్చే బంతులు పది ఆడండి. తర్వాత బ్యాక్‌హ్యాండ్ వాలీలు పది. ఆ తర్వాత కావాలనే బంతిని పక్కకి, అంచు వైపు తగిలేలా నాలుగైదు మెల్లగా కొట్టండి. చెయ్యి జివ్వుమంటోందా? రాకెట్ మెలి తిరుగుతోందా? ఆ తర్వాత బందెహాలు. చిట్టచివరికి స్మాష్. వాడే బంతులు కూడా రెండు రాకెట్లకీ అవే ఉండాలి.

అసలు రిజల్ట్ మర్నాడు పొద్దున వస్తుంది. పళ్లు తోముకునేటప్పుడు, తలుపు గొళ్లెం తిప్పేటప్పుడు, బిందెనో బకెట్‌నో ఎత్తేటప్పుడు మోచేతి బయటి వైపు ఏమైనా తెలుస్తోందా? ఏమీ తెలియకపోతే ఆ రాకెట్ పాసైనట్టు. వీలైతే ఇలా రెండు మూడు రోజులు ఆడాకే డబ్బు కట్టండి.

మరి ఏ మోడల్ కొనాలి? మీరు ఎలాంటి అటాకర్ అన్నదాన్ని బట్టి చెప్తాను.

మీరు షటిల్ నుంచి వచ్చి ఏడాదే అయింది, మణికట్టు ఎక్కువ తిప్పుతారు అనుకోండి. గుండ్రం లేదా కన్నీటి చుక్క, సాఫ్ట్ కోర్, బ్యాలెన్స్ 26 లోపు. నాక్స్ ఎంఎల్10 ప్రో కప్ లాంటి గుండ్రటివి ఇక్కడ చూడొచ్చు. ఆరు నెలలు దీంతో భుజం, నడుము కలిపి కొట్టడం నేర్చుకోండి.

మీరు కుడిచేతి వాటం, కోర్టులో ఎడమ వైపు ఆడతారు, మధ్యలో లేచిన బంతులన్నీ మీవే అనుకోండి. మీకు కన్నీటి చుక్క, మీడియం కోర్, 26 చుట్టూ బ్యాలెన్స్. ఏటీ10 కోవలోనివి ఇక్కడ సరిపోతాయి. కొని ఏడాదైన మోడల్ తీసుకున్నా నష్టం లేదు, ధర బాగా తగ్గుతుంది.

మీకు డైమండ్ తప్ప ఏదీ నచ్చదు, బాగా ప్రాక్టీస్ ఉంది, ఎప్పుడూ నొప్పి లేదు అనుకోండి. అలాంటివాళ్ల కోసమే బుల్‌పాడెల్ తన వర్టెక్స్, హ్యాక్ సిరీస్‌లలో "కంఫర్ట్" పేరుతో వేరే వెర్షన్లు తెచ్చింది. అదే ఆకారం, చేతి మీద భారం తక్కువ. అడిడాస్ మెటల్‌బోన్‌లో బరువులు మార్చుకునే ఏర్పాటు ఉంది, బరువు తీసేసి మొదలుపెట్టొచ్చు. హువాన్ లెబ్రోన్ పేరుతో గుర్తుపట్టే బాబొలాట్ టెక్నికల్ వైపర్ లాంటి గట్టి డైమండ్లు మాత్రం రోజూ జిమ్, వార్మప్, కోచ్ ఉన్నవాళ్లకి వదిలేయండి. ఒక జాగ్రత్త: ఒకే పేరుతో ప్రతి ఏడాదీ కొత్త వెర్షన్ వస్తుంది, లోపల కోర్ మారిపోతుంది. పేరు చూసి కాదు, ఏ ఏడాది వెర్షన్ అని చూసి, చేతిలో పట్టుకుని కొనండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఫ్రేమ్ చుట్టూ, రంధ్రాల మధ్యలో సన్నటి చీలికలు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. వేలి కణుపుతో ముఖం మీద అక్కడక్కడా తట్టండి. ఒకచోట శబ్దం తేడాగా, బోలుగా వస్తే వదిలేయండి. చీలిన రాకెట్ అదురు ఎక్కువ.

చివరిగా ఒక మాట సీరియస్‌గా చెప్పాలి. రాకెట్ మందు కాదు. ఇప్పటికే మోచేతి నొప్పి ఉంటే, మెత్తటి రాకెట్ కొన్నంత మాత్రాన తగ్గదు. ఆట ఆపినా రెండు వారాల్లో తగ్గకపోయినా, చేతిలో తిమ్మిరి ఉన్నా, పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌నో ఫిజియోనో కలవండి. బెల్ట్ కట్టుకుని, మాత్ర వేసుకుని మ్యాచ్‌కి దిగడం మగతనం కాదు, నెల రోజుల్లో తగ్గేదాన్ని ఏడాది సాగదీయడం.

అలాగే ఆటకి ముందు ఐదు నిమిషాలు మణికట్టు, భుజం తిప్పండి. మొదటి పది నిమిషాలు స్మాష్ వద్దు. రెండు బంతుల మధ్య పిడికిలి వదులు చేయడం అలవాటు చేసుకోండి, రాకెట్‌ని కాసేపు ఎడమ చేత్తో పట్టుకోండి. ఇవన్నీ ఉచితమే.

ఇప్పుడు మళ్లీ షాపుకెళ్లి "అన్నా, నేను అటాక్ ఆడతాను" అంటే చేతిలో పెట్టినది తీసుకోకండి. తూకం వేయించండి, వేలి మీద నిలబెట్టండి, అలిసిన చేత్తో ఆడి చూడండి, మర్నాటి పొద్దుటి దాకా ఆగండి. ఈ సీజన్‌లో ఒక్క స్మాష్‌తో కోర్టు అవతలికి పంపడం కన్నా, వచ్చే సీజన్‌లో కూడా స్మాష్ కొట్టగలిగే చెయ్యి మిగుల్చుకోవడం గొప్ప.

మీ క్లబ్‌లో మోచేతికి బెల్ట్ కట్టుకుని ఆడే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఇది వాళ్లకి పంపండి. మీ సెట్ లెక్కలో స్మాష్ గీతలు ఎన్ని, బందెహా గీతలు ఎన్ని వచ్చాయో మాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో ఆ లెక్కలతోనే బందెహా నేర్చుకుందాం. అప్పటిదాకా బాగా ఆడండి, చెయ్యి జాగ్రత్త. ఉంటాను, బై.